చిలకమ్మ చేతి కల్లు

2003 చలికాలం. విశాఖలో కిరండోల్ పాసింజరు ఎక్కేసరికి ఇంకా తెల్లవారలేదు. పెట్టెలో అందరూ బొర్రా గుహలు చూడ్డానికి పోతుంటే విలేకరిని నేనొక్కణ్ణే పాత హత్యకేసు మనిషిని చూడ్డానికి బయల్దేరాను. కల్లులో విషం కలిపి మొగుణ్ణి చంపిందని పదేళ్ళ క్రితం పేపర్లన్నీ చిలకమ్మ ఫొటో వేశాయి. శవంలో విషమే లేదని కోర్టు ఆమెను వదిలేసినప్పుడు మాత్రం ఎవరూ ఫొటో వెయ్యలేదు.

కొత్తవలసలో ఎండుచేపల గంపతో ఎక్కినావిడ నేను వెళ్ళే చోటు విని ముక్కున వేలేసుకుంది.

“ఆ ఇసం సిలకమ్మ ఊరికా? దాని సేత్తో ఇచ్చిన మంచినీల్లు కూడా ముట్టకు బాబూ!”

అరకులో దిగేటప్పటికి పదకొండు దాటింది. ఇడ్లీ తిని బస్సులో హుకుంపేట చేరాను. అక్కణ్ణుంచి జీపు. వెళ్ళదలచినవాళ్ళు ఓపిక పట్టాలి, జీపు నిండాక ఇంకో నలుగురు ఎక్కితేగాని కదలదు.

నా పక్కన ఒక కొండ రైతు జీలుగు చెట్టు కల్లు కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన అతని భార్య, మాటా పలుకూ లేదు. వాళ్ళూ చిలకమ్మ ఇంటికేనట, కూతుర్ని అడగడానికి.

“మా గుంటడు ఆ గుంటనే సేసుకుంటానంటన్నాడు. ఈ కల్లు ఆల్లమ్మ పోత్తే మేం తాగాల. తాగితే సంబంధం కుదిరినట్టే.”

“తాగుతారా?”

“దారంతా అదే ఆలోసిత్తన్నాను. ఆవిడ ఎవులికేటిచ్చినా ముందు తనో గుక్క తాగి ఇత్తాది, జైలు నుంచొచ్చిన కాడ్నించీ. సంబంధం కల్లు మరి ఎంగిలి కాకూడదు కదా.”

ఊళ్ళో దిగాక అతను నన్నూ రమ్మన్నాడు. చిలకమ్మకి నలభై ఉంటాయేమో, ఫొటోలోకన్నా చిన్నగా కనిపించింది. అడ్డాకు దొప్పలో కల్లు పోసి, అలవాటు కొద్దీ నోటి దాకా తీసుకెళ్ళింది.

“అమ్మా!” అంది గుమ్మంలోంచి కూతురు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. దొప్ప చాపింది. అందుకోవడానికి రైతు చెయ్యి లేవలేదు. చుట్టూ చేరిన ఊళ్ళోవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. పిల్ల ముఖం పాలిపోయింది.

అప్పుడు, దారి పొడుగునా నోరు విప్పని అతని భార్య లేచి, చిలకమ్మ చేతిలోంచి దొప్ప తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

“ఇంకొంచెం పొయ్యి వదినా.”

చిలకమ్మ కుండ పట్టుకునే ఏడ్చింది. తరవాతి దొప్ప రైతు తాగాడు. ఆ తరవాతది నాకొచ్చింది. ఒక్క క్షణం గుండె ఝల్లుమంది, అబద్ధం చెప్పను.

ఆ రాత్రి అరకులో లాడ్జిలో పడుకుని, మర్నాడు మధ్యాహ్నం పాసింజరు పట్టుకున్నాను. ఖాళీ గంపతో అదే చేపలావిడ నా ఎదుట కూర్చుంది.

“సూసేవా దాన్ని? ఏటైనా ఇచ్చిందా?”

“కల్లిచ్చింది.”

“అమ్మ బాబోయ్! తాగీసేవా?”

“తాగాను. తియ్యగా ఉంది.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, గంప కొంచెం అవతలికి జరుపుకుంది.