మురుగునీటి కరెంటు, మల్లయ్య

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, కార్తీక మాసంలో, నన్ను బొగ్గు ల్యాబ్ నుంచి గోదావరిఖనిలోని ఒక కార్మికుల కాలనీ మురుగునీటి శుద్ధి కేంద్రానికి సీనియర్ కెమిస్టుగా మార్చారు. మురుగుతో కరెంటు తీయవచ్చని ప్రతిపాదన పెట్టింది నేనే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ల్యాబ్‌లో నవ్వుకున్నారు. మాఘం దాటేలోగా ఫలితం చూపించాలి, లేకపోతే పథకం మూసేయాలి అన్నది కంపెనీ షరతు.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. మురుగులోని సూక్ష్మజీవులు మలినాన్ని తిని ఎలక్ట్రాన్లను వదులుతాయి. గాలి చొరని డబ్బాలో గ్రాఫైట్ గుడ్డ వేలాడదీస్తే అవి దాని మీద పేరుకొని ఎలక్ట్రాన్లను దానికిస్తాయి. అక్కడి నుంచి తీగ గుండా, బయట గాలి తగిలే రెండో గుడ్డకు పారేదే కరెంటు. లోపలికి గాలి వెళ్లిందా, వోల్టేజీ పడిపోతుంది. అలాంటి డబ్బాలు ఆరు పెట్టాను. అన్నీ వరుసగా కలిపితే ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలగాలి.

వాసనకు భయపడి అటు ఎవరూ వచ్చేవారు కాదు. టిఫిన్ ఒక్కణ్నే విప్పుకునేవాణ్ని. సాయంత్రం దాకా నోరు విప్పే పనే పడేది కాదు. ఇదీ మంచిదే, పని సాగుతుంది అని సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి చాలా దిగులుగా ఉండేది. అక్కడ నేను కాక ఉన్నది పంపు ఆపరేటర్ మల్లయ్య. ముప్పై ఏళ్లు బాయిలో, అంటే భూగర్భ గనిలో, పనిచేసి ఊపిరితిత్తులు దెబ్బతిని సర్ఫేస్ డ్యూటీకి, అంటే గని బయటి పనికి, వచ్చినవాడు. ఆయన షిఫ్టు ఏడింటికి మొదలయ్యేది, నేను తొమ్మిదికి వెళ్లేవాణ్ని. మా మధ్య ఒక నమస్తే, అంతే.

వోల్టేజీ సాయంత్రానికి కాస్త ఎక్కేది, మర్నాడు పొద్దున చూస్తే పడిపోయి ఉండేది. రాత్రి చలికి జీవులు మందగిస్తున్నాయని రిజిస్టర్లో రాసి, డబ్బాలకు గొంగళ్లు చుట్టాను. ఫలితం లేదు. రివ్యూ నాలుగు రోజుల్లో ఉందనగా ఏడింటికే వెళ్లాను. మల్లయ్య ఒక్కో మూతా తీసి, పైన తువ్వాలుతో విసురుతున్నాడు.

ఏం చేస్తున్నావని గట్టిగా అరిచాను. ఆయన బెదరలేదు.

"మూసిపెట్టిన కాడ గాలి చెడిపోతది సారూ. బాయిల గట్లనే మావోళ్లు ఇద్దరు పోయిన్రు. మీరేమో ఒక్కరే దాని మీద వంగి చూస్తరు. మీకేమన్న అయితే చూసేటోడెవడు? అందుకే రోజూ వచ్చుడుతోనే జర తెరుస్తున్న."

నా కోపం ఏమైందో తెలియదు. ఆ కేంద్రంలో నా ప్రాణం గురించి ఫికర్ పడ్డ మనిషి ఒకడున్నాడని ఆ రోజే తెలిసింది. కూర్చోబెట్టి సంగతి చెప్పాను. ఇద్దరం టీ తాగాం.

మూతలు మళ్లీ తెరవలేదు. రివ్యూ రోజున బల్బు వెలిగింది. నాలుగు రోజుల రీడింగు చాలదని, ముందు నెలల్లో వోల్టేజీ పడిపోవడానికి కారణం రాసివ్వమని రివ్యూకు వచ్చిన ఆఫీసరు అడిగారు. ఆపరేటర్ జోక్యం అని రాస్తే గడువు పొడిగించేవారు. మల్లయ్యకు ఛార్జిషీట్ అందేది, ఉద్యోగమే ఊడినా ఊడేది. మూత తీయరాదని ఆపరేటర్‌కు కెమిస్టు చెప్పలేదు అని రాసి సంతకం పెట్టాను. తప్పు కెమిస్టుదే కాబట్టి గడువు పెంచేది లేదని పథకం మూసేశారు.

పరికరం పెట్టేముందు, దాని పక్కన పనిచేసే మనిషికి అదేమిటో చెప్పాలి. ఆ మూడు నెలలూ నేను డబ్బాలను రోజుకు రెండుసార్లు పలకరించాను. మల్లయ్యను నమస్తేకు మించి ఒక్కసారీ పలకరించలేదు.