మామయ్య క్లారినెట్టు మీద జోల

పక్క ఫ్లాటు పిల్ల కొద్ది రోజులుగా మా ప్రాణం తోడేస్తోంది. ఈ నోయిడా అపార్టుమెంట్ల గోడలు ఉన్నా లేనట్టే. వాళ్ళ కుక్కర్ కూత పెడితే నేను వెళ్ళి మా స్టవ్ ఆపేస్తుంటాను. ఆ పిల్లకి పియానో పరీక్షట. కీబోర్డు మీద పొద్దస్తమానం ఒకటే పాట, ధన్ ధన్ అంటూ శవయాత్రలో వాయించేది. "ఇంకేదైనా వాయించరాదా తల్లీ" అని హిందీలో బతిమాలితే, "ఆంటీ, ఎగ్జామ్ పీస్ హై, రొమాంటిక్ పీరియడ్ కా" అంది. రొమాంటిక్కట! నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మా అత్తయ్య మాత్రం ఆ గోడ పక్క మంచం మీంచి కదలడం లేదు.

అత్తయ్యంటే మా మేనమామ భార్య. ఆయన పోయినప్పటి నుంచీ నా దగ్గరే ఉంటోంది. మామయ్య మిలటరీ బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడు. విజయనగరం నుంచి తుపాకీ పట్టుకుందామని వెళితే, ఊపిరి గట్టిదని బూరా చేతికిచ్చారని చెప్పుకునేవాడు. నేను కాలేజీ చదువుకి వచ్చి ఢిల్లీ కంటోన్మెంటులో వాళ్ళ క్వార్టర్లోనే ఉన్నాను. ఈ పాట సంగతి నాకు అక్కడే తెలిసింది. ఎప్పుడో రెండు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో, దగ్గుతో తీసుకుంటున్న ఒక బక్కపలచటి మనిషి తన పియానో కోసం రాసుకున్నాడట. అదిప్పుడు దేశదేశాల పటాలాలకి చావుబాజా అయి కూర్చుంది. బ్యాండు గదిలోంచి ఆ సాధన తాలూకు డోళ్ళ మోత వినిపించిందంటే క్వార్టర్లలో ఆడవాళ్ళు పొయ్యి ఆపేసి గుమ్మాల్లోకి వచ్చేసేవారు. పోయిందెవరో తెలిసేదాకా మళ్ళీ వంట సాగేది కాదు.

"ఇదిగో, ఆ శవం పాట నా కొంపలో ఊదారంటే ఆ బూరా పట్టుకెళ్ళి నాలాలో పారేస్తాను" అనేది అత్తయ్య. మామయ్య బుద్ధిగా తలూపేవాడు. సాయంత్రాలు వాళ్ళ చంటివాణ్ణి పడుకోబెట్టడానికి మాత్రం ఓ మెత్తటి రాగం వాయించేవాడు. ఎక్కడిదని అడిగితే "పాతదేలే" అనేవాడు. అది వినకపోతే వాడికి నిద్ర పట్టేది కాదు. అత్తయ్య కూడా రొట్టెలు కాలుస్తూ అదే కూనిరాగం తీసేది. ఆ పూట ఇల్లు ఎంత బాగుండేదో!

ఆ చంటివాడే పెద్దవాడై పటాలంలో చేరాడు. సరిహద్దులో మంచు విరిగిపడి పోయాడు. పెట్టె ఢిల్లీకి తెచ్చారు. వాయించడానికి మామయ్య పాత బ్యాండే వచ్చింది; సగంమంది ఆయన నేర్పినవాళ్ళే. డోళ్ళకి నల్లగుడ్డ చుట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ ఆ పాట ఎత్తుకున్నారు. ఉన్నట్టుండి మామయ్య అత్తయ్య మోచెయ్యి పట్టుకుని, "రా, అలా పక్కకెళ్ళి నీళ్ళు తాగొద్దాం" అన్నాడు. కొడుకు పెట్టె ముందుంటే నీళ్ళేమిటి, ఈయనకి మతిపోయిందా అనుకున్నాను. ఆవిడ కదల్లేదు. ఈలోగా డోళ్ళ దెబ్బలు సన్నగిల్లి, పాటలో నడిమి భాగం మొదలైంది. అది చంటివాడి జోల.

అత్తయ్య మామయ్య వైపు తిరిగింది. "ఇదా? నా బిడ్డకి రోజూ వినిపించింది ఇదా?"

"అందులో చావు లేని ముక్క అదొక్కటేనే" అన్నాడు మామయ్య. అంతలో డోళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

క్లారినెట్టు ఆయన బ్యాండుకే ఇచ్చేశాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఉప్పూ పప్పూ మాటలే. "ఉయ్యాల్లో ఉండగానే చావు పాట వినిపించాడే" అని అత్తయ్య నా దగ్గర ఒక్కసారే ఏడ్చింది. ఆయన పోయేదాకా క్షమించలేదు. మామయ్యని తలుచుకుంటే జాలేసేది, కానీ ఆవిణ్ణీ తప్పు పట్టలేకపోయాను.

నిన్న ఇక ఓపిక చచ్చి, పక్కవాళ్ళ తలుపు కొట్టడానికి లేచాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పిల్ల ఎంతసేపూ మొదటిదే వాయిస్తాదేటే? మధ్యది రాదా?"

వెళ్ళి అడిగాను. "వో అభీ నహీ సీఖా, ఆంటీ. నెక్స్ట్ వీక్" అంది పిల్ల. ఇంకా నేర్చుకోలేదట, వచ్చే వారమట అని వచ్చి చెప్పాను. అత్తయ్య దిండు గోడవైపు జరుపుకుని పడుకుంది.

"అప్పటిదాకా ఉంటాన్లే" అంది.

వద్దనడానికి ఇచ్చినన్నేళ్ళు, మళ్ళీ కావాలనడానికి ఇవ్వదు కాలం.