సీసాల్లోకి పోసిన మర్యాద

నాకు ఇద్దరు గైడ్లు. ఒకాయన నీటి పరీక్షలు చేయించే ఇంజినీరు, ఇంకొకావిడ సమాజశాస్త్రం ప్రొఫెసరు. పట్టణాల నీటిని అన్ని శాస్త్రాల వైపు నుంచీ చూడగల పరిశోధకుల్ని తయారు చేస్తామంటూ, రెండు వేల సంవత్సరం దాటాక కొత్తగా పెట్టిన డాక్టరేటు కోర్సులో చేరాను. "ఇద్దరత్తల కోడలివి, ఇక చూసుకో" అంది మా అమ్మ. అప్పుడు నవ్వాను. నవ్వాల్సిన మాట కాదని తర్వాత తెలిసింది.

ఏలూరు మురుగంతా కాలువల్లో పడి కొల్లేరు చేరుతుంది కదా, మరి అక్కడి లంక ఊళ్ళవాళ్ళు ఏం తాగుతున్నారు? ఇదీ నా థీసిస్. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కి ఏలూరులో దిగేదాన్ని. అక్కడి నుంచి బస్సు, ఆపైన పడవ. చేతిలో థర్మాకోల్ పెట్టె, అందులో ఐసు, ఉడకబెట్టిన సీసాలు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చున్నీ నిండా చేపల మేత వాసన.

లంకలో నన్ను ఇంటింటికీ తిప్పింది ఒక పెద్దావిడ. పిన్నిగారూ అని పిలిచేదాన్ని. కొడుకు చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేవాడు, కోడలికి మూడో నెల. నేను ప్రతి ఇంట్లోనూ ఒకటే అడిగాను: "మీరు తాగే నీళ్ళు ఇందులో పోయండి." అందరూ సంతోషంగా పోశారు. ఏలూరు నుంచి పైపులైను ఆ ఊరిదాకా పొడిగించాలా వద్దా అని నీటి సరఫరా ఆఫీసులో ఆలోచిస్తున్న రోజులవి. మా పరీక్షల కోసమే చూస్తున్నారు.

"కోడలు పురుడు పోసుకునే వేళకైనా కుళాయి వస్తుందాండీ?" అని అడిగింది పిన్నిగారు. వస్తుందనే అన్నాను.

తీరా చూస్తే నీళ్ళలో ఏ దోషమూ లేదు. ఇంజినీరుగారు మురిసిపోయి ఫలితాలు వెంటనే ఆఫీసుకి పంపేశారు. ఆ ఊరికి ఇప్పట్లో అవసరం లేదని వాళ్ళు పైపుల్ని వేరే ఊరికి రాసేశారు.

ఆ సంగతి ఎలా చెప్పాలా అనుకుంటూ పిన్నిగారింటికి వెళ్ళాను. నాకు మూతపెట్టిన క్యాన్‌లోంచి గ్లాసుడు నీళ్ళిచ్చి, తను మూలనున్న కుండలో ముంచుకుని తాగింది. పటిక వేసినా పసరు రంగు పోని నీళ్ళు.

"అవేంటండీ?"

"ఊరి చెరువు నీళ్ళమ్మా. మేం తాగేవి అవే. క్యాన్ నీళ్ళు కొన్నవండీ, వచ్చినోళ్ళకి ఉంచుతాం."

"మరి సీసాల్లో ఏవి పోశారు?"

"అయ్యో, కాలేజీకి పట్టుకెళ్ళే నీళ్ళు కదండీ! చెరువు నీళ్ళెలా పోస్తామండీ? మా ఊరి పరువేం కాను?"

ఊరంతా అలాగే పోసిందట. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ మీద కోప్పడడానికి నోరెలా వస్తుంది? కోడలికైనా క్యాన్ నీళ్ళివ్వమన్నాను. "రోజూ ఎక్కడ కొనగలమమ్మా" అంది, నెమ్మదిగా.

పరుగున గైడ్ల దగ్గరికి వెళ్ళాను. "అది సర్వేలో తప్పు, నా ల్యాబుది కాదు" అన్నారు ఇంజినీరుగారు. "మర్యాద మా సబ్జెక్టే, క్రిములు మాత్రం కాదు" అన్నారు ప్రొఫెసరుగారు. అన్ని శాస్త్రాలూ కలిపి నేర్పుతామన్నవాళ్ళు ఇద్దరూ ఒక గదిలో కూర్చోరు. రెంటికీ చెడ్డ రేవడినై, సీసాలు పట్టుకుని మళ్ళీ లంకకి వెళ్ళాను. ఈసారి కుండల్లోంచి నేనే ముంచుకున్నాను. ఏముండకూడదో అన్నీ ఉన్నాయి. కాగితం తీసుకెళ్ళి ఆఫీసులో పెట్టాను.

"మొన్న బాగున్నాయని మీరే ఇచ్చారు. ఇప్పుడు బాగాలేవంటున్నారు. ఏది నమ్మమంటారండీ?" అన్నాడు అక్కడి అధికారి. కసురుకోలేదు, కుర్చీ కూడా వేయించాడు. పైపులు అప్పటికే ఆ వేరే ఊళ్ళో దించేశామన్నాడు.

థీసిస్‌లో ఆ కుండనీళ్ళ అధ్యాయం తీసేస్తే గొడవుండదన్నారు గైడ్లు. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు, అదే ఆఖరు. తీసేశాను. సంతకాలు పెట్టారు.

కోడలికి ఏడో నెలలో కామెర్లొచ్చాయి. కబురు తెలిసి ఏలూరు ఆసుపత్రికి వెళ్ళేసరికి పిన్నిగారు వరండాలో నేల మీద కూర్చుని ఉంది. బిడ్డ దక్కలేదు. కోడలికింకా స్పృహ రాలేదు. నీళ్ళ వల్లేనన్నారట డాక్టరుగారు. పక్కన చతికిలబడ్డాను.

ఆవిడే నా చెయ్యి పట్టుకుంది.

"ఆవేళ అలా పోశాం కదమ్మా. మా మూలాన మీ చదువేమన్నా పాడైందా?"

"లేదండీ, థీసిస్ ఒప్పుకున్నారు" అన్నాను.

"పోనీలెండి" అంది. "అదొక్కటైనా నిలబడింది."