చూసి చెప్పిన యుద్ధాలు

2010లో నేనూ నా స్నేహితుడూ జీడిమెట్లలో ఒక రసాయనాల కంపెనీలో ఆపరేటర్లుగా చేరాం. నాది మేడ్చల్. వాడిది శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు మీదున్న అలియాబాద్. వాళ్ల నాన్న ఎకరం పొలంలో కూరగాయలు పండించేవాడు, అమ్మ వాటిని శామీర్‌పేట అంగడిలో అమ్మేది. వాడు రోజూ బండి మీద మేడ్చల్ వచ్చి, బండిని మా వాకిట్లో పెట్టి, నాతో పాటు కంపెనీ బస్సెక్కేవాడు. బస్సులో పక్కపక్క సీట్లలో మొదలైన స్నేహం మేడ్చల్ పాత రోడ్డు మీది ఇంటర్నెట్ సెంటర్లో గట్టిపడింది.

ఆ సెంటర్లో ఎనిమిది కంప్యూటర్లుండేవి. అన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపి మేం ఆడిన ఆట ఒక్కటే. ఎప్పుడో రాబోయే కాలంలో, ఏదో గ్రహం మీద జరిగే యుద్ధం అది. ఒక్కొక్కరికి ఒక కమాండర్ ఉంటాడు. మరమనిషి లాంటి కవచంలో కూర్చున్న మనిషి. వాడు నేలలోంచి లోహం తీయాలి, కరెంటు పుట్టించాలి, ఫ్యాక్టరీలు కట్టాలి, ఆ ఫ్యాక్టరీల్లోంచి వందలు, వేలుగా యంత్రాల సైన్యం బయటికి రావాలి. కమాండర్ చస్తే అంతా పోయినట్టే. ఒక్క ఆట రెండు మూడు గంటలు సాగేది. సైన్యాలు పెరిగేకొద్దీ కంప్యూటర్లు మొరాయించేవి. ఎనిమిదింటిలో ఏది అన్నిటికంటే నెమ్మదిగా నడిస్తే, మిగతా ఏడూ దానితో పాటే నెమ్మదించేవి. మూలనున్న పాత కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాడిని అందరూ తిట్టేవాళ్లు. పాపం, వాడి తప్పేమీ ఉండేది కాదు.

మా జట్టు గెలిచిందంటే అది నా స్నేహితుడి వల్లే. వాడికి తొందర ఉండేది కాదు. మేమంతా పెద్ద పెద్ద ఫిరంగుల కోసం ఎగబడుతుంటే వాడు ముందుగా రాడార్లు కట్టేవాడు. ఆ ఆటలో తెరను వెనక్కి లాగుతూ పోతే ట్యాంకులు, ఓడలు, విమానాలు అన్నీ చిన్న చిన్న గుర్తులుగా మారి, మొత్తం యుద్ధభూమి ఒక మ్యాప్‌లా కనిపించేది. వాడు ఎక్కువసేపు ఆ ఎత్తులోనే ఉండేవాడు.

"కిందికి దిగితే ఒక్క ట్యాంకే కనవడ్తదిరా. మీదికెళ్లి చూస్తే లడాయి మొత్తం కనవడ్తది," అనేవాడు.

అందరూ వాడిని మెచ్చుకునేవాళ్లు. నేనూ మెచ్చుకునేవాణ్ణి. కానీ లోపల ఎక్కడో ఒక మూల నాకు కష్టంగా ఉండేది. గెలిచిన ప్రతిసారీ సెంటర్ యజమాని వాడి భుజం తట్టేవాడు. నేను వాడి పక్కన నిలబడి ఉండేవాణ్ణి.

2011 వేసవిలో గండిమైసమ్మ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు మాతో ఆడతామని కబురు పంపారు. ఒక బుధవారం ఉదయం పదింటికి వస్తామన్నారు. ఆ రోజు నాది మొదటి షిఫ్ట్, వాడికి వారానికొకసారి వచ్చే సెలవు రోజు. న్యాయంగా అయితే ఆ ఆటకు వెళ్లాల్సింది వాడే. ఆ సంగతి నేను వాడికి చెప్పలేదు. వాడు లేకుండా ఒక్కసారి గెలవాలనిపించింది. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి జ్వరమని చెప్పాను. నా బదులు డ్యూటీకి వెళ్లమని అడిగాను.

"గోళీ ఏసుకొని పండుకో. నేను పోత. పరేషాన్ గాకు," అన్నాడు.

మరునాడు నేను ఆడుతున్నప్పుడు ఫోన్ జేబులో మోగకుండా పెట్టి ఉంది. పదకొండున్నర ప్రాంతంలో కరెంటు పోయింది. ఆట సగంలో ఆగింది. ఫోన్ తీసి చూస్తే సూపర్‌వైజర్ దగ్గర నుంచి తొమ్మిది కాల్స్ ఉన్నాయి.

ఒంటిని కాల్చేసే కాస్టిక్ సోడా పైపులైన్ పూడుకుపోయిందట. బోల్టులు వదులు చేస్తుంటే, కళ్లకు పెట్టుకున్న అద్దాలు చెమటకు మసకబారాయట. తుడుచుకుందామని వాడు వాటిని నుదుటి మీదికి ఎత్తాడట. సరిగ్గా అప్పుడే లోపల ఆగిన కాస్టిక్ ఎగిసి ముఖాన పడింది. పైపు ఖాళీ అయిందని ముందే చూసి చెప్పాల్సిన మనిషి చూడకుండానే చెప్పాడని తర్వాత తెలిసింది. పక్కనున్నవాళ్లు షవర్ కిందికి తీసుకుపోయేసరికే ఆలస్యమైంది.

ఆసుపత్రిలో వాడి రెండు కళ్లకూ కట్లు కట్టి ఉన్నాయి. నా అడుగుల చప్పుడును బట్టో ఏమో, వచ్చింది నేనేనని వాడికి తెలిసిపోయింది.

"నీ జరం తగ్గిందా?" అని అడిగాడు.

"తగ్గింది," అన్నాను.

ఆ మాట అన్న గొంతు నాదేనా అనిపించింది. అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. మంచం పక్కన వాళ్లమ్మ కూర్చుని ఉంది. వాడు బతికితే చాలనుకుంటున్న మనిషి ముందు నా అబద్ధం సంగతి ఎత్తడం ఎలాగని సర్దిచెప్పుకున్నాను. నిజానికి నాకు ధైర్యం చాలలేదు.

ఏడాదిలో మూడు ఆపరేషన్లు జరిగాయి. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి వెలుగేదో చీకటేదో మాత్రం తెలిసేది. మనిషి ఎదురుగా నిలబడితే నీడ లాగా ఏదో అడ్డం వచ్చినట్టు ఉంటుందని వాడు చెప్పేవాడు. వైద్యానికి కంపెనీ ఖర్చుపెట్టింది, ఉద్యోగం మాత్రం పోయింది. నేను అదే కంపెనీలో అదే లైన్ల మధ్య పనిచేస్తూ ఉండిపోయాను. ఇంటర్నెట్ సెంటర్ గడప మళ్లీ తొక్కలేదు.

ఆదివారాలు అలియాబాద్ వెళ్లేవాణ్ణి. మొదట్లో వాడు మంచం మీద, నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో. రోడ్డు మీద లారీలు పోతున్న చప్పుడు వింటూ కూర్చునేవాళ్లం. 2012 మొదట్లో ఒక ఆదివారం వాడే అడిగాడు.

"ఆట ఆడ్తున్నవా?"

"లే. బంద్ జేసిన."

"ఎందుకు? ఒక లాప్‌టాప్ కొను. నువ్వు చూసి చెప్పు. నేను ఆడ్త."

రెండు నెలలకు ఎవరో వాడిన పాత లాప్‌టాప్ ఒకటి కొన్నాను. ఆటలో వాడికి బాగా ఇష్టమైన మ్యాప్ తెరిచాను. నడుమ లోయ, ఉత్తరాన గుట్టలు, తూర్పున సముద్రం. నేను తెర మీద కనిపించేది చెప్పాలి, వాడు హుకుం ఇవ్వాలి, నా చేతులు ఆ పని చేయాలి. మొదటి రోజు ఘోరంగా ఓడిపోయాం.

"అక్కడ శత్రువులున్నరు," అన్నాను.

"అక్కడ అంటే ఏడరా? నాకు అక్కడ లేదు, ఇక్కడ లేదు. దిక్కు చెప్పు. ఎన్నున్నయో చెప్పు. ఎటు మొకం పెట్టినయో చెప్పు."

అలా చెప్పడం నేర్చుకోవడానికి నాకు చాలా వారాలు పట్టింది. "లోయకు పడమర పక్క పన్నెండు ట్యాంకులు, దక్షిణానికి వస్తున్నయి. గుట్ట మీద మన రాడార్ ఒకటి పోయింది." వాడు తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. ఆ మ్యాప్ మీద వందసార్లు ఆడినవాడు కాబట్టి ఏ గుట్ట కింద లోహం ఉందో, ఏ ఒడ్డున ఓడ ఆగగలదో వాడికి నాకంటే బాగా తెలుసు. "ఇప్పుడు వాడు సముద్రం కెళ్లి వస్తడు చూడు," అనేవాడు. కంప్యూటర్ సైన్యం అటునుంచే వచ్చేది. మూడు నెలలకు మళ్లీ గెలవడం మొదలుపెట్టాం.

వాళ్లమ్మను నేను పిన్నీ అన్నట్టుగా ఖాలా అని పిలిచేవాణ్ణి. గడప దగ్గర కూర్చుని మరునాటి అంగడికి కొత్తిమీర కట్టలు కడుతూ మా మాటలు వినేది. ఒకరోజు నన్ను అడిగింది.

"గా సచ్చేటోళ్లు మనుషులా బేటా?"

"కాదు ఖాలా. మిషన్లు. మనిషి ఒక్కడే ఉంటడు, కమాండర్."

"ఆయన్నొక్కని పైలంగా చూస్కోన్రి," అని మళ్లీ పనిలో పడింది.

ఏడాదికి పైగా ఆదివారాలు ఇలాగే గడిచాయి. ఆ గంటల్లో వాడి ముఖం పాత ముఖంలా ఉండేది. నేను చేసింది దీనితో కొంత తీరుతోందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. తీరడం లేదని కూడా తెలుసు.

2013 వానాకాలంలో వాళ్ల చుట్టం ఒకాయన చూడటానికి వచ్చాడు. నేనెవరని అడిగాడు. నా స్నేహితుడే చెప్పాడు.

"ఆ దినం డ్యూటీ గీనిది. జరం వచ్చి పండుకున్నడు కాబట్టి బతికిండు. లేకుంటే గీని కండ్లు వోయేటియి. పోనీ, ఒకని కండ్లన్న మిగిలినయి."

ఖాలా నా తల మీద చెయ్యి వేసి నా క్షేమం కోరి దువా చేసింది. ఆ చెయ్యి బరువు వారమంతా నా తల మీదే ఉన్నట్టుంది. మరుసటి ఆదివారం లాప్‌టాప్ తెరిచాను గానీ ఆట మొదలుపెట్టలేదు. ఖాలా పొలానికి వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

"ఏమైంది? చెప్పు, ఎక్కడున్నం?" అన్నాడు.

"ఆ దినం నాకు జరం లేకుండె," అన్నాను. మిగతాదంతా చెప్పాను. కాలేజీ కుర్రాళ్ల సంగతి, వాడికి ఎందుకు చెప్పలేదన్న సంగతి, జేబులో ఫోన్ సంగతి. ఏదీ దాచలేదు.

వాడు తల పక్కకు వంచి అంతా విన్నాడు. తర్వాత అడిగాడు.

"గెలిచినవా?"

"లే. నడుమల కరెంటు వోయింది."

"అప్పటికి ఎట్లుండె?"

"ఓడిపోతుంటిమి."

"రాడార్ పెట్టినవా?"

"పెట్టలే."

వాడు తల ఊపాడు. మంచం మీద చేత్తో తడిమి, లాప్‌టాప్ అంచు దొరకగానే నెమ్మదిగా మూత వేశాడు.

"ఇగ పో," అన్నాడు.

నాలుగు నెలలు నేను అలియాబాద్ వైపు వెళ్లలేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. ఐదో నెలలో ఒక ఉదయం ఖాలా మేడ్చల్‌లో మా ఇంటికి వచ్చింది. మా అమ్మ కుర్చీ వేసినా కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి మాట్లాడింది.

"నా కొడుకు కండ్లు నీ చేతుల వోయినయని నేను అంటలేను. పైపు నువ్వు ఇప్పలే. కానీ అబద్ధం చెప్పినవు, వాడు నాకు చెప్పిండు. రెండేండ్లు నా ఇంట్ల తిన్నవు, చెప్పలే. గది నాకు మింగుడు వడ్తలేదు. గప్పటి సంది వాడు ఎవ్వరితోని మాట్లాడ్తలేడు. నువ్వు రా."

వెంటనే బండి తీశాను. వాడు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను వచ్చానని తెలిసినా తల తిప్పలేదు. ఆట గురించి గానీ, ఆ రోజు గురించి గానీ ఏమీ అనలేదు. సికింద్రాబాద్‌లో చూపు లేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే చోటు ఉందని, కంప్యూటరే తెర మీదున్నది చదివి వినిపిస్తుందని, వారానికి మూడు రోజులు వెళ్లాలని చెప్పాడు.

"బాపుకు పొలం ఇడిసి వచ్చుడు గాదు. నువ్వు తోల్కపోతవా?"

"తోల్కపోత."

"షిఫ్ట్ ఎట్ల?"

"మార్పిచ్చుకుంట."

షిఫ్ట్ మార్చుకోవడమన్న ఆ మాట మా ఇద్దరి మధ్యా పడి అలాగే ఉండిపోయింది.

ఏడు నెలలు వాడిని తీసుకువెళ్లాను. అలియాబాద్‌లో బస్సెక్కి జూబ్లీ బస్టాండ్‌లో దిగేవాళ్లం. నడుస్తున్నప్పుడు వాడి చెయ్యి నా భుజం మీద ఉండేది. "ఎడమ చేతి దిక్కు గుంత, రెండడుగులు. ముందర ఆటో, ఆగి ఉంది," అని నేను చెబుతూ ఉండేవాణ్ణి. అంతకు మించి మాటలు తక్కువ. నేను కంపెనీ నుంచి నేరుగా వచ్చిన రోజుల్లో తిరుగు బస్సులో నిద్రపోయేవాణ్ణి. శామీర్‌పేట రాగానే వాడే లేపేవాడు. చెరువు గాలి తగిలితే తెలుస్తుందని అనేవాడు.

2014లో ఒకరోజు తరగతి అయ్యాక వాడే ఆట ప్రస్తావన తెచ్చాడు. "కొత్తదొకటి వచ్చిందంట గదా. క్లాసుల ఒకాయన చెప్పిండు. తే, చూద్దాం."

ఆ వారమే తెచ్చాను. నా లాప్‌టాప్ దాన్ని కష్టంగా మోసింది. ఇందులో యుద్ధభూమి బల్లపరుపుగా ఉండదు. మొత్తం గ్రహమే యుద్ధభూమి, బంతిలా గుండ్రంగా తిరుగుతుంటుంది. ఒక గ్రహం మీది నుంచి ఇంకో గ్రహం మీదికి సైన్యాన్ని పంపొచ్చు. నాకు తెలిసినంతలో వివరించాను.

"మూలలు లేవా?"

"లేవు."

"మరి ఈపు ఏ దిక్కు పెట్టి కూసోవాలె?"

అరగంట ప్రయత్నించాం. నేను ఉత్తరమని చెప్పింది గ్రహం తిరిగేసరికి ఉత్తరం కాకుండా పోయేది. వాడు రెండు చేతులూ గాల్లో గుండ్రంగా పట్టుకుని, నేను చెప్పిన సైన్యాలను ఆ గుండ్రం మీద ఎక్కడెక్కడో పెట్టడానికి చూశాడు. చివరికి చేతులు దించేశాడు.

"బంద్ జెయ్. పాత మ్యాప్‌లు నేను కండ్లతోని చూసిన. నువ్వు చెప్తుంటే మల్ల కనవడ్తుండె. ఇది చూడలే. నువ్వు చెప్పేటియి నాకు ఉత్త మాటలైతున్నయి."

"పాతది పెట్టాల్నా?"

"వద్దు. అది మస్తు ఆడినం. సాలు."

అది కోపంతో అన్న మాట కాదు. కోపమైతే నేను తట్టుకునేవాణ్ణి. నేను ఆట మూసేశాను. ఖాలా చాయ్ తెచ్చింది. ముగ్గురం తాగాం. ఆ తర్వాత మేం ఏ ఆటా ఆడలేదు.

వర్షాలు మొదలయ్యాక వాడికి ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం దొరికింది. మొదటి రోజు తోడొస్తానన్నాను. బస్టాప్ దాకా చాలన్నాడు. చేతిలో తెల్లకర్ర ఉంది, చొక్కా వాళ్లమ్మ ఇస్త్రీ చేసింది. బస్సు రాగానే కండక్టర్ చెయ్యి అందించాడు. వాడు ఎక్కాడు. బస్సు తూంకుంట వైపు కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను.

మాఫ్ చేశానని వాడు నాతో ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు.

పదిన్నరకు ఫోన్ మోగింది. నేను మొదటిసారి మోగగానే ఎత్తాను.

"చేరిన," అన్నాడు. "జూబ్లీ కాడ ఎవ్వరు దింపలే. నేనే దిగిన."