మరిపెడ రోడ్డు మీద నుంచి ఎంచిన సముద్రం ఒడ్డు

దసరా పోయిన రెండో ఆదివారం, పొద్దున ఏడుంబావు. మా జీపు మరిపెడ దగ్గర ఆగింది. ఆపినవాడు నా సొంత తమ్ముడు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, రైళ్లు లేవు. నెల్లికుదురు పక్కన మా ఊళ్లో జీపు మాట్లాడుకుని నేనూ నా బిడ్డా సముద్రానికి బయలుదేరాం. షికారుకు కాదు. బిడ్డ పెళ్లికి చోటు చూడడానికి.

బిడ్డ హైదరాబాద్‌లో దవాఖానలో నర్సు. అక్కడే రక్తపరీక్షలు చేసే పిల్లవాణ్ణి ఇష్టపడింది. వాళ్లది కోస్తాలో చేపలు పట్టే ఊరు. అతని తల్లికి పక్షవాతం, మంచం మీదే ఉంటుంది. ఎక్కడికీ కదపలేరు. అందుకని వాళ్ల ఇంటి ముందున్న సముద్రపు ఇసుకలోనే పెళ్లి అన్నారు. మంచం వాకిట్లో వేస్తే ఆమె చూడగలుగుతుంది. అయితే ఆ ఒడ్డు ఒక్కరి సొత్తు కాదు. పడవలు జరిపి, వలలు తీసి చోటు ఇవ్వాలంటే ఊరి పెద్దలు ఒప్పుకోవాలి. వాళ్లు ఆ ఆదివారం పన్నెండింటికి కూర్చుంటారు. పిల్ల తరఫు వాళ్లు వచ్చి చోటు చూసి సరే అనాలి. అనకపోతే ఆ ముహూర్తానికి ఒడ్డు ఇంకొకరికి పోతుంది.

మా తరఫున పెద్ద ఎవరని? నా భర్త, బిడ్డకు నడక రాకముందే పోయాడు. సాకింది నా తమ్ముడు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పని, అప్పుడు అతనూ సమ్మెలోనే ఉన్నాడు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకొచ్చేది మేనమామ. ఎవరి పెళ్లికి పోయినా బిడ్డ ఆ గంప దగ్గరే నిలబడి చూసేది. తమ్ముడేమో రాష్ట్రం వచ్చేదాకా ఆంధ్ర గడ్డ మీద కాలు పెట్టనని పదిమందిలో అనేశాడు. అతనికి చెప్పకుండానే బయలుదేరాం. ఆ రోజు మరిపెడ రోడ్డు మీద వంటలు పెట్టి బండ్లు ఆపేవాళ్లలో అతనుంటాడని మాకేం తెలుసు.

రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు పెట్టారు. రాళ్లపొయ్యి మీద పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది. కట్టిన గుడ్డ మీది అక్షరాలు నేను కూడబలుక్కుని చదువుతున్నాను, తమ్ముడు కుంటుకుంటూ వచ్చాడు. ఆ మధ్య జనగామ ఊరేగింపులో తోపులాటలో పడితే మోకాలు వాచింది.

"ఎటు అక్కా?"

"నీ కోడలు లగ్గానికి సముద్రం ఒడ్డున జాగ చూడ పోతున్నం. బండి జరుపు."

"జరగది. దవాఖాన బండి ఒక్కటే ఇడుస్తున్నం. కోడలైనా కలెక్టరైనా ఒక్కటే. రేపు అందరు నన్నే అడుగుతరు."

ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లలో ఒకామె గొంతెత్తింది. "మనం బతుకమ్మను చెరువుల ఏసొస్తిమి. గీ పిల్ల సముద్రంల లగ్గం చేసుకుంటదంట! ఓ వదినా, పందిరి ఏస్తరా, పడవ కడ్తరా?"

అందరూ నవ్వారు. బిడ్డ నవ్వలేదు. జీపు దిగి ఆ ఆడవాళ్ల మధ్య కూర్చుని కత్తిపీట తన ముందుకు లాక్కుంది. నేను తమ్ముణ్ణి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. పడ్డాడు గానీ బండి జరపలేదు.

పదకొండు దాటాక కాబోయే అల్లుడు ఫోన్ చేశాడు. బిడ్డ అందరికీ వినబడేలా పెట్టింది.

"అత్తయ్యా, ఎక్కడిదాకా వచ్చారండీ? పెద్దలు వచ్చేస్తున్నారు."

"అండీ..." అని ఒకామె సాగదీసింది. మళ్లీ నవ్వులు.

"రాలేం బిడ్డా. మరిపెడల్నే ఆపిండ్రు."

"ఎవరండీ ఆపింది?"

ఏం చెప్పను. "మావోళ్లే" అన్నాను.

అతను, "చోటు చూపించలేను గానీ, ఇది వినండి" అని ఫోన్ సముద్రం వైపు పెట్టాడు. నేను సముద్రం చూసినదాన్ని కాదు. దూరంగా పిండి గిర్నీ నడుస్తున్నట్టు వినబడింది. దాన్ని విని ఏం తేల్చుకోవాలి?

రెండో వాయి అన్నం కలుపుతున్న తమ్ముడు తల ఎత్తకుండానే అన్నాడు. "ఇసుక ఎట్లుంటదో అడుగు."

"ఏందిరా?"

"కాలు దిగుతదా, దిగదా? గంపల మనిషిని పెట్టుకొని నడువాలె గద."

నవ్వులు ఆగిపోయాయి. బిడ్డ చేతిలో ఉల్లిగడ్డ అట్లాగే ఉంది.

అల్లుడు విన్నాడు. "దిగుతుందండీ. ఇంటి ముందు పొడి ఇసుక, చీలమండ దాకా దిగుతుంది. నీళ్ల దగ్గర గట్టిగా ఉంటుంది గానీ, అక్కడైతే అమ్మకు కనబడదు."

తమ్ముడు మోకాలు చూసుకున్నాడు. "గీ కాలుతోని పొడి ఇసుకల పోరిని పడేస్త."

"నేను నడుసుకుంట పోత మామా" అంది బిడ్డ.

"నువ్వు నడుసుకుంట పోతే నేనెందుకు?"

"రానంటివి గద!" అన్నాను.

"రానన్న. అన్నమాట అన్నదే. ఇసుక సంగతి అడిగిన, గంతే."

"చెక్కబల్లలు పరిపిస్తానండీ" అన్నాడు అల్లుడు. "పందిరి దాకా పరిపిస్తాను. అత్తయ్యా, పెద్దలు పిలుస్తున్నారు. ఏం చెప్పమంటారు?"

నేను తమ్ముడి వైపు చూశాను. అతను గిన్నెలోంచి రెండు మెతుకులు తీసి నలిపి చూస్తున్నాడు.

"నువ్వే చెప్పు. పిల్ల నీది" అన్నాడు.

"ఇయ్యాల్నా నాదైంది?" అన్నాను.

కాదంటే మంచం మీదున్న తల్లికి కొడుకు పెళ్లి కనబడదు. అవునంటే నా బిడ్డకు గంప ఎత్తే మనిషి ఉంటాడో లేడో తెలియదు. ఇంకొక్క రోజు ఆగమనడానికి ఆ ఒడ్డు నాది కాదు, ఈ రోడ్డూ నాది కాదు.

"సరే బిడ్డా. మీ ఇంటి ముంగటనే" అన్నాను.

"బల్లలు ఎడల్పుగ ఏపియ్యమను!" అని తమ్ముడు అరిచాడు. అప్పటికే ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నది: జీపు నడిపినతను, అన్నం తిని బండిలోనే నిద్రపోయాడు. ఉల్లిగడ్డలు కోసిన ఆడవాళ్లు. ఎడ్లబండ్ల వాళ్లు. ఫోన్ అవతల అల్లుడు, వాళ్ల ఊరి పెద్దలు, మంచంలో అతని తల్లి. ఇవతల నేను, నా బిడ్డ. ఇక నా తమ్ముడు. పొద్దు గూకే వేళ మేము జీపు వెనక్కి తిప్పుకుంటుంటే, రోడ్డు పక్కన ఎవరో ఇల్లు కట్టడానికి పోసుకున్న ఇసుక కుప్ప మీద నిలబడి, వాచిన కాలు అందులో దింపి, తీసి, మళ్లీ దింపి చూసుకుంటున్నాడు.