పూజలో పెట్టిన కార్బురేటర్

కారున్న మామ దొరకడమంటే ఆ రోజుల్లో మా వైపు మామూలు మాట కాదు. నాకు దొరికాడు. కాకపోతే నాకంటే ముందే ఇంకొకరికి దొరికాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఇంకొకరు మా ఆవిడ అక్క భర్త, అంటే నా సడ్డకుడు. ఆదిలాబాద్‌లో ఉద్యోగం. పండక్కి నిర్మల్‌లో అత్తగారింటికి చేరగానే మామ పాత కారు మొరాయించడం, 'పెద్దల్లుణ్ణి పిలువుండ్రి' అని మామ కేకెయ్యడం, ఆయన చొక్కా చేతులు మడిచి బానెట్ లేపడం, కాసేపటికి అది దగ్గి దగ్గి కదలడం ఒక తంతు. ఆడవాళ్లంతా తలుపు చాటు నుంచి ఆయన్నే చూసేవారు, అందులో మా ఆవిడ కూడా (అది నాకు మరీ బాగా కనబడేది). ఆయన విస్తట్లో గారెలు సైతం నావాటికంటే ఎర్రగా వేగినట్టు అనిపించేవి. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి మామ కారు కోసం నన్ను పిలవాలి. ప్రమోషన్ మీద కూడా నాకప్పుడు అంత ఆశ లేదు.

అలాంటి రోజుల్లో కరీంనగర్‌లో మా ఆఫీసు పక్కనున్న కిరాణా సేటు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చించి జీలకర్ర పొట్లం కడుతుంటే కాగితం మీద ఇంజను బొమ్మ కనబడింది. కారున్నవాళ్లు దాన్ని తామే బాగుచేసుకునే పద్ధతులన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి అందులో. బతిమాలి తెచ్చుకున్నాను. విషయసూచిక అప్పటికే ఎవరింటికో మిరియాలతో వెళ్లిపోయింది. అయినా పరీక్షకు చదివినట్టు చదివాను. అన్నం ముందు క్లచ్చు, పడక మీద బ్రేకులు. మనకసలు కారే లేదు కదా అని మా ఆవిడ గుర్తుచేసింది. నేను పేజీ తిప్పాను.

దసరా వచ్చింది. మహర్నవమి పొద్దున, సడ్డకుడు ఇంకా దిగలేదని తెలుసుకుని మరీ మామ దగ్గరికెళ్లి, తెల్లారి బాసర ప్రయాణం ఉంది కనుక కారును నేనొకసారి చూస్తానన్నాను (నిజానికి ఆ రోజు అది శుభ్రంగా నడుస్తోంది). మామ నన్నోసారి ఎగాదిగా చూసి సరేనన్నాడు. కార్బురేటర్ విప్పి, ముక్కలన్నీ వరుస తప్పకుండా అరుగు మీద గుడ్డపై పరిచి, పక్కన పుస్తకం పెట్టి, నాలుగు ముద్దలు తిని వద్దామని లోపలికెళ్లాను. వచ్చేసరికి గుడ్డ కూడా లేదు. ఆయుధపూజకని కత్తిపీట, కొడవలి, కత్తెర ఏరుకుంటున్న అత్త నేను బోల్టులు విప్పిన పానాలతో పాటు ఆ ముక్కలన్నీ భక్తిగా ఎత్తుకెళ్లి దేవుడి ముందు పెట్టేసింది. పుస్తకం సరస్వతి పటం ముందుకు చేరింది. ప్రతి ముక్కకూ పసుపూ కుంకుమా ఉన్నాయి, వరుస మాత్రం లేదు.

"పూజల వెట్టినంక తీయద్దు బిడ్డా. రేపు పొద్దుగాల నైవేద్యం అయినంకనే" అంది అత్త.

మామ వచ్చి బోసిపోయిన ఇంజన్నూ నన్నూ చూసి, బస్టాండు వైపు నడిచాడు. పెద్దల్లుడు వచ్చే బస్సు వేళయింది.

తెల్లారి నైవేద్యం కాగానే అత్త ప్రసాదంతో పాటు పుస్తకాన్నీ ముక్కల పళ్లాన్నీ పెద్దరికం ప్రకారం ముందుగా పెద్దల్లుడి చేతుల్లోనే పెట్టింది. నా పుస్తకం! ఆయన మాత్రం దాన్ని నాకందించి, "నువ్వు సదువు తమ్మీ, నేను బిగిస్త. ఇప్పింది నువ్వే గద, ఏది యాడిదో నీకే ఎరుక" అన్నాడు. నేను కుంకుమ దులుపుకుంటూ చదివి అర్థం చెబుతుంటే ఆయన ఒక్కో ముక్కనూ పెట్రోలుతో కడిగి బిగించాడు. కారు కదిలింది. మామ ఆయన వీపు తట్టాడు.

"తమ్ముడు సదవకుంటే నాతోని కాకపోవు మామా" అన్నాడాయన.

మామ నా వైపు తిరిగి, "అవు, సదువుడైతే మంచిగనే సదివిండు" అన్నాడు, బడిపిల్లవాణ్ణి మెచ్చుకున్నట్టు.

బాసర దాకా ఆయన నన్ను తన పక్కన ముందు సీట్లోనే కూర్చోబెట్టుకున్నాడు. గర్వమున్న మనిషైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఆ వీలు కూడా లేకుండా చేశాడని దారి పొడుగునా ఉడుక్కున్నాను.

ఇప్పుడిద్దరం తాతలమయ్యాం. పెళ్లిళ్లలో ఎవరైనా ఆయన్ను పొగిడితే అందరికంటే ముందు నేనే, "బంగారమసొంటి మనిషి" అంటాను. అది నిజం కూడా. అయినా ఆ మాట అంటున్నప్పుడు మా ఆవిడ నా మొహంలోకే చూస్తూ నవ్వుతుంది. నాకు అప్పుడే అటు తిరిగి ఎవరినో పలకరించాల్సిన పని పడుతుంది.