ఎదురింటి గీజర్, నా సాక్ష్యం

దుబాయ్‌కి దగ్గర్లోని అల్ ఐన్‌లో మేమున్న అంతస్తులో రెండే ఫ్లాట్లు. ఒకటి మాది, ఎదురుది కడప నుంచి వచ్చిన ముస్లిం దంపతులది. ఆమె పదో తరగతి చదివి, ఒక క్లినిక్‌లో పేషెంట్ల పేర్లు రాసుకునే ఉద్యోగం చేసేది. నేను ఇంగ్లీషు ఎమ్మే చేసి ఇంట్లో కూర్చున్నాను. ఆమె అరబ్బీ గలగలా మాట్లాడేది. నేను థాంక్స్ చెప్పే షుక్రన్ దాటి ముందుకు పోలేదు. బిల్డింగ్ కాపలా చూసే నాతూర్ నేను పిలిస్తే మర్నాడు, ఆమె పిలిస్తే మరుక్షణం వచ్చేవాడు. అన్నీ చిన్న విషయాలే. అయినా ఒక్కోదానికీ లోపల కుతకుతలాడేదాన్ని.

అక్కడ గీజర్ సంగతి మన ఊళ్లలోలా ఉండదు. ఎండాకాలంలో మేడమీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా వస్తాయి. అందుకని ఏప్రిల్‌లోనే గీజర్ స్విచ్ ఆపేసి, అందులో చల్లారిన నీళ్లనే స్నానానికి వాడుకుంటాం. మళ్లీ స్విచ్ వేసేది చలి తగిలాకే. 2014 డిసెంబరు మొదటి వారంలో రెండిళ్లలోనూ స్విచ్‌లు వేస్తే ఎర్రలైటు వెలిగింది గానీ నీళ్లు కాగలేదు.

నేను మా గీజర్ గురించి ఓనర్ ఆఫీసుకు మెయిల్ రాశాను. కామాలు సరిచూసుకుని, రెండుసార్లు చదువుకుని మురిసిపోయి మరీ పంపాను. ఆమె మాత్రం మెట్ల దగ్గర నాతూర్‌ను ఆపి హిందీలో నోటిమాటగా చెప్పింది. కూరగాయల సంచితో నేను పక్కనే ఉన్నాను. రేపే మనిషిని పంపిస్తానన్నాడు అతను. మూడు వారాలైనా ఎవరూ రాలేదు. పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు కాచి బాత్రూముకు మోసుకోవడమే రెండిళ్లలోనూ పనైపోయింది. అలా మోస్తుండగా ఒకరోజు ఆమె చేతిలో గిన్నె జారి, మరిగే నీళ్లు పాదం మీద పడ్డాయి. రెండు వారాలు క్లినిక్‌కు సెలవు పెట్టింది. జీతం కోసేశారు.

కాస్త సాంబారన్నం పట్టుకుని చూడటానికి వెళ్లాను. ఆమె భర్త సోఫాలో కూర్చుని, ఆ పాదం తన ఒళ్లో పెట్టుకుని మందు రాస్తున్నాడు. మూడు వారాలుగా నేను గిన్నెలు మోస్తుంటే మావారు ఫోన్‌లోంచి తలెత్తింది లేదు. కాలిన కాలిని చూసి కూడా అసూయపడగలనని నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు రెండు గీజర్లూ బాగుచేశారు. ఆలస్యానికి అద్దెలో కొంత తగ్గించమని నేను మళ్లీ మెయిల్ రాశాను. జవాబు లేదు. ఆమె కుంటుకుంటూ ఆఫీసుకు వెళ్లి, నష్టపరిహారంగా నెల అద్దె వదలకపోతే అద్దె తగాదాలు చూసే కమిటీకి పోతానని అరబ్బీలో చెప్పింది. వాళ్లు మెత్తబడ్డారు. మొదటి వారంలోనే చెప్పినట్టు రుజువైతే నెల అద్దె వదిలేస్తామన్నారు. నాతూర్‌ను అడిగితే, ఉద్యోగం పోతుందని భయపడి, తనకెవరూ చెప్పలేదన్నాడు. ఇక మిగిలిన సాక్షిని నేనే.

"అక్కా, నేను చెప్పేటప్పుడు నువ్వు పక్కనే ఉండావు కదా. ఆ ఒక్క మాట ముదీర్‌తో చెప్తే చాలు," అని అడిగింది. ముదీర్ అంటే ఆ ఆఫీసు మేనేజరు. తప్పకుండా చెప్తానన్నాను. సాయంత్రం మావారు, ఎమ్మే చదివి నువ్వు సాధించలేనిది పదో తరగతి ఆవిడ సాధించిందని నవ్వారు. నేను నవ్వలేదు.

మర్నాడు ముదీర్ హిందీలో మర్యాదగానే అడిగాడు. ఆమె నాతూర్‌తో చెప్పడం మీరు విన్నారా? ఆ మెట్లు, నా చేతిలోని సంచి, ఆమె అన్న ప్రతి మాటా నాకు గుర్తున్నాయి. సరిగ్గా గుర్తు లేదన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అడక్కుండానే ఇంకో మాట కలిపాను.

"చలి ముదిరేదాకా ఇక్కడ మేమంతా గీజర్లు ఆపేసే ఉంచుతామండీ."

అది నిజమే. ఆయనకు కావలసిందీ అదే. డిసెంబరు మొదట్లో గీజర్ ఆపే ఉంచారు, చెడిపోయిన సంగతి అప్పటికి తెలిసే వీల్లేదు అని కాగితం మీద రాసుకున్నాడు. ఖలాస్ అని ఫైలు మూసేశాడు. కాలిన పాదానికి, పోయిన జీతానికి ఆమెకు దక్కింది సున్నా. కమిటీకి వెళ్దామన్నా సాక్షి లేదు.

నాకు గుర్తు లేదన్న సంగతి మాత్రమే ఆఫీసువాళ్లు ఆమెకు చెప్పారు. సాయంత్రం తలుపు తట్టింది. నిలదీస్తుందేమోనని తలుపు సగమే తీశాను. లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గుర్తు లేనిది ఉందని ఎట్ల చెప్తావులే అక్కా. అన్ని మెయిల్స్ రాసినావు, నీకూ ఏమీ ఇయ్యకపోయిరి. నాకు అదే బాధగా ఉండాది."

నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. కానీ అవి తర్వాత. ఆ మాట వినగానే ముందు నాకు కలిగింది సంతోషం. ఇద్దరికీ ఏమీ రాలేదు.